స్కాన్ కార్డులు: చాన్నాళ్ళు క్లాసులో వాడాక

పిల్లలు ఎత్తి పట్టుకున్న కార్డుల్ని ఫోన్ కెమెరాతో చదివి జవాబులు లెక్కగట్టే ఈ యాప్ గురించి ఎవరు రాసినా పిల్లల పేర్లు ఎలా ఎక్కించాలో, ఉచిత ఖాతాలో ఏమేం వస్తాయో రాస్తారు. అవి నేను రాయను. నాకు దీని మీద ప్రేమ పుట్టింది ఒక్కచోటే. క్లాసులో అందరి తప్పు జవాబులూ, పాఠం ఇంకా నడుస్తుండగానే, నాకొక్కడికే కనిపిస్తాయి. ‘నాకొక్కడికే’ అన్నది కాస్త గుర్తుంచుకోండి. తర్వాత వచ్చిన గొడవంతా దానిమీదే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. పిల్లల చేతిలో ఫోనూ ట్యాబూ ఏమీ ఉండవు, తలా ఒక కాగితం కార్డు ఉంటుంది. దాని మీద నలుపు తెలుపు గళ్ళ గుర్తు, ఒక్కొక్కరిది ఒక్కో రకం. నాలుగంచుల మీదా చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. ఏ జవాబనుకుంటే ఆ అంచు పైకి వచ్చేలా పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరాని క్లాసు మీదుగా ఓసారి తిప్పితే చాలు, ఎవరి కార్డు ఎటు తిరిగి ఉందో యాప్ చదివేసుకుంటుంది. గుర్తులు వేరువేరు గనక పక్కవాడిది చూసి తిప్పుదామన్నా కుదరదు.

దీనికి ముందు నేను చేసింది అందరు టీచర్లూ చేసేదే. పాఠం చెప్పి "అర్థమైందా?" అనడం, వాళ్ళు ఒక్క గొంతుతో "అయింది సార్" అనడం. ప్రశ్న వేస్తే ఎప్పుడూ లేచే ఆ నాలుగైదు చేతులే. మిగతావాళ్ళ తలకాయల్లో ఏముందో పరీక్ష పేపరు దిద్దేదాకా తెలియదు. తెలిసేసరికి పాఠం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇక అసలు సంగతి. కిరణజన్య సంయోగక్రియ పాఠం అయిపోయింది. సమీకరణం బోర్డు మీద రాయించాను, అందరూ తడుముకోకుండా రాశారు. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని ఒక ప్రశ్న వేశాను. చిన్న మొక్క పెరిగి పెద్ద చెట్టయింది. దాన్ని కొట్టి పూర్తిగా ఎండబెట్టాం. ఆ ఎండు కట్టెలో ఉన్న బరువు ఎక్కువ భాగం ఎక్కడినుంచి వచ్చింది? ఏ, మట్టి. బీ, నీళ్ళు. సీ, గాలి. డీ, ఎండ.

కెమెరా తిప్పాను. సగానికి పైగా ‘మట్టి’. తర్వాత నీళ్ళు. కొందరు ఎండ. గాలి అన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కార్బన్ డై ఆక్సైడ్ అని నిమిషం కిందట సమీకరణంలో రాసినవాళ్ళే ఇప్పుడు మట్టి అంటున్నారు! ఆ గ్రాఫు చూసి నాకు నవ్వొచ్చింది, కాస్త భయం కూడా వేసింది. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను మరి.

జవాబు చెప్పలేదు. గ్రాఫు చూపించలేదు. "పక్కవాళ్ళతో మాట్లాడుకోండి, మళ్ళీ అడుగుతాను" అన్నాను. ఈ పద్ధతి నా సొంతం కాదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో పేరు తెచ్చిన పద్ధతి. ప్రశ్న వేసి ఓట్లు తీసుకోవడం, సరైన జవాబు చెప్పినవాళ్ళు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పిల్లలతోనే చర్చ చేయించడం, మళ్ళీ ఓట్లు తీసుకోవడం. 30 కన్నా తక్కువుంటే చర్చ వల్ల లాభం లేదు, పాఠమే మళ్ళీ చెప్పాలి అంటారు. నా క్లాసు ఆ 30కి చాలా కిందే ఉంది. ఆ లెక్కన చర్చ పెట్టకూడదు. అయినా వాళ్ళేం మాట్లాడుకుంటారో వినాలనిపించింది.

క్లాసు సంతలా అయిపోయింది. బెంచీల మధ్య తిరుగుతూ విన్నాను. ఒకమ్మాయి అంటోంది: "మట్టయితే కుండీలో మట్టి తగ్గిపోవాలి కదా, మా మొక్క ఎంత పెరిగినా మట్టి అంతే ఉంది." భలే పాయింటు. ఆ ఒక్క మాట రెండు మూడు బెంచీలు పాకింది. రెండోసారి కెమెరా తిప్పితే మట్టి సగానికి సగం పడిపోయింది. అయితే ఆ ఓట్లు గాలికి రాలేదు, నీళ్ళకెళ్ళాయి.

అంటే వాళ్ళు సరిగ్గా వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త ఆగినచోటే ఆగారు. 17వ శతాబ్దంలో ఆయన 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, నీళ్ళు మాత్రమే పోస్తూ 5 ఏళ్ళు పెంచాడు. చెట్టు సుమారు 169 పౌండ్లు తూగింది, మట్టి తగ్గింది 2 ఔన్సులంత. కాబట్టి చెట్టంతా నీళ్ళే అని తేల్చాడు. ఆయన చనిపోయాక 1648లో అది అచ్చయింది. ఈ కథ నేను చెప్పగానే నీళ్ళవాళ్ళంతా చప్పట్లు. "ఆయన చెప్పింది తప్పు" అన్నాక నిశ్శబ్దం. పాఠం అప్పుడు మొదలైంది నిజానికి. ఎండు కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. అది వచ్చింది గాల్లోని కార్బన్ డై ఆక్సైడ్ నుంచి. కట్టెలో ఉన్న ఆక్సిజన్ కూడా చాలావరకు దాన్నుంచే. నీళ్ళ వంతు ప్రధానంగా హైడ్రోజన్, బరువులో చాలా తక్కువ. ఒకడు వెంటనే "పచ్చి చెట్టులో నీళ్ళే ఎక్కువ కదా సార్" అన్నాడు. నిజమే, అందుకే ప్రశ్నలో ఎండబెట్టింది.

ఇంకో సంగతి స్టాఫ్ రూంలో తీరిగ్గా ఫోన్ చూసుకుంటుంటే బయటపడింది. మొదటిసారి ‘గాలి’ అన్న కొద్దిమందిలో ఒకడు, క్లాసులో నోరు విప్పని పిల్లాడు, రెండోసారి ‘నీళ్ళు’కి మారాడు. సరైనది వదిలేసి తప్పుకి వెళ్ళాడు. మర్నాడు పిలిచి అడిగితే, "ఫస్టు గాలే అనుకున్నాను సార్, మా బెంచీ అంతా నీళ్ళే అన్నారు" అన్నాడు. చర్చ పెడితే నిజం గెలుస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి ఈ పిల్లాడి రెండు కార్డులూ చూపించాలి. గొంతున్నవాడే గెలుస్తాడు కొన్నిసార్లు. అది కూడా ఈ యాప్ చూపించబట్టే నాకు తెలిసింది. చేతులెత్తించి ఉంటే వాడు మొదటిసారి కూడా చెయ్యెత్తేవాడు కాదు.

ఇంతదాకా పొగడ్తే. ఇప్పుడు నెమ్మదిగా కొంత వెనక్కి తీసుకుంటాను.

మొదటిది, దీంట్లో యాప్ గొప్ప ఎంత, ప్రశ్న గొప్ప ఎంత? జవాబు నొక్కే క్లిక్కర్ రిమోట్‌లకీ మామూలు కాగితం ఫ్లాష్‌కార్డులకీ పోలిక పెట్టి నథానియల్ లాస్రీ 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. చదువు రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పరికరం టీచరుకి పనికొస్తుంది, లెక్క గుర్తుంచుకుంటుంది, అంతే. పిల్లాడికి పనికొచ్చేది ప్రశ్నా, దాని తర్వాత జరిగేదీ. నా అనుభవమూ అదే. యాప్‌లో దొరికే రెడీమేడ్ ప్రశ్నలు చాలావరకు ఉత్త బిట్లు. నమ్మబుద్ధయ్యే తప్పు జవాబు తయారుచేయడానికే నాకు టైమంతా పడుతుంది. నాలుగు ఆప్షన్లలో రెండు నవ్వొచ్చేలా ఉంటే ఆ గ్రాఫుకి అర్థం లేదు. పైగా కళ్ళు మూసుకుని తిప్పినా నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఎందుకలా అనుకున్నాడో కార్డు చెప్పదు, మళ్ళీ మనిషిని పిలిచి అడగాల్సిందే.

రెండోదే అసలు కోపం. స్కూలు మొత్తానికి డబ్బు కట్టి పెద్ద ప్లాన్ తీసుకున్నారు. దాంతోపాటు ప్రిన్సిపాల్‌కి ఒక డ్యాష్‌బోర్డు వచ్చింది. టీచర్ల పేర్లు వరసగా, ప్రతి పేరు పక్కన ‘సగటు’, దానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. మాకెవరికీ ముందుగా చెప్పలేదు. స్టాఫ్ మీటింగులో ప్రొజెక్టర్ మీద అది వెలిగింది. నా పేరు పక్కన ఎరుపు. పైన నేను మురిసిపోయి చెప్పిన చెట్టు ప్రశ్న వల్లే ఆ ఎరుపు! పిల్లలు తప్పు చెప్పాలనే వేసిన ప్రశ్న అది. తప్పు చెప్పారు గనకే పాఠం నడిచింది. డ్యాష్‌బోర్డుకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మొదటి ఓటూ రెండో ఓటూ అన్నీ కలిపి సగటు కొట్టేసింది.

మేడం మంచివారే, గొంతు కూడా పెంచలేదు. "మీ సెక్షన్‌కి ఏమైనా సపోర్ట్ కావాలా మాస్టారూ?" అని అడిగారు. ఆ జాలి ఇంకా కష్టంగా అనిపించింది.

తర్వాత ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. ప్రశ్నలు తేలికైపోయాయి. చెప్పిన వాక్యాన్నే ప్రశ్న చేసి, చెప్పిన వెంటనే అడగడం మొదలైంది. ముందు నోటితో జవాబు చెప్పించి ఆ తర్వాత స్కాన్ చేసేవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకి బోర్డంతా పచ్చగా కళకళలాడింది. ఒక అంకెని పట్టుకుని ఎంతగా నిర్ణయాలు తీసుకుంటే ఆ అంకె అంతగా పాడవుతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970లలోనే చెప్పాడు. పరీక్ష మార్కుల్నే ఉదాహరణగా చూపించాడు కూడా. మా స్టాఫ్ రూం ఆయన మాటని ఒక్క టర్ములో రుజువు చేసి పెట్టింది.

నేను చేసింది, ఉన్నదున్నట్టు చెబుతున్నాను, రెండు ఖాతాలు నడపడం. స్కూలు ఖాతాలో రివిజన్ బిట్లు, నా సొంత ఉచిత ఖాతాలో అసలు ప్రశ్నలు. అదే కార్డులు, అదే పిల్లలు. ఒక పీరియడ్‌కి ప్రిన్సిపాల్ మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నప్పుడు కావాలనే సొంత ఖాతా తెరిచాను. మొదటి ఓటు ఘోరం, చర్చ, రెండో ఓటు, మళ్ళీ గొడవ. అయ్యాక ఆవిడ అడిగింది ఒకటే: "ఇదే స్కూలు ఖాతాలో చేస్తే నా స్క్రీన్ మీద ఎర్రగానే కదా కనిపిస్తుంది?" అవునన్నాను.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని నాకు నచ్చింది. ఆ డ్యాష్‌బోర్డుని మూసేయలేదు. టీచర్ పేరుతో వరస పెట్టడం ఆపి, ప్రశ్నతో వరస పెట్టమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది, రెండు నొక్కులు నొక్కాలి, అంతే. అప్పుడు బయటపడింది: 0.45 పెద్దదా 0.6 పెద్దదా అంటే మూడు సెక్షన్లలోనూ, ముగ్గురు వేరువేరు టీచర్ల దగ్గర, పెద్దసంఖ్యలో పిల్లలు 0.45 అంటున్నారు. అంకెలు ఎక్కువుంటే పెద్ద సంఖ్య అన్న పూర్ణాంకాల అలవాటు దశాంశాల్లోకి కూడా వచ్చేసింది. ఎవరి పేరూ అక్కర్లేకుండానే లెక్కల టీచర్లు ముగ్గురూ కూర్చుని, కింది క్లాసు మేడంని కూడా పిలిచి మాట్లాడుకున్నారు. లెక్కలు అవే, వరస మారింది. ఇది లేకపోతే నా సమీక్ష ఇంకా ఘాటుగా ఉండేది.

అలాగని ఇది ఎల్లకాలం ఇలాగే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. రేపు ఇంకో ప్రిన్సిపాల్ వస్తే మళ్ళీ పేర్ల వరసే వెలగొచ్చు. అందుకే సొంత ఖాతా మూసేయలేదు.

పాత పాఠాల ప్రశ్నల్ని మధ్యమధ్యలో తిరిగి వేయడానికి కూడా దీన్ని వాడుతున్నాను. చదివింది మళ్ళీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకుని రాయడమే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు 2006లో చూపించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మాత్రం మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. చెప్పిన వెంటనే అడిగి పచ్చరంగు తెచ్చుకునేవాళ్ళు ఈ రెండో వాక్యం ఇంకోసారి చదువుకోవాలి.

కొనాలా వద్దా అంటారా? నాది సైన్సు. చూడగానే నిజమనిపించే తప్పు జవాబులు మా సబ్జెక్టులో కావలసినన్ని దొరుకుతాయి. భాష చెప్పేవాళ్ళకి, వ్యాసం రాయించేవాళ్ళకి ఇంత పని చేస్తుందని చెప్పలేను. మా తెలుగు మేడం కొన్నాళ్ళు వాడి పక్కన పెట్టేసింది, ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి. చదవడమే ఇంకా కష్టంగా ఉన్న పిల్లలున్న క్లాసులో ప్రశ్న నేను పైకి చదివి వినిపిస్తాను, లేకపోతే గ్రాఫులో కనిపించేది వాళ్ళ చదవడమే, సైన్సు కాదు. స్కూలు డబ్బుతో పెద్ద ప్లాన్ తీసుకునే ముందు మాత్రం ఆ డ్యాష్‌బోర్డు ఎవరికి ఏం చూపిస్తుందో అడిగి, స్క్రీన్ కళ్ళారా చూసి సంతకం పెట్టండి. ఒక్క టీచరుకైతే ఉచిత ఖాతా ధారాళంగా సరిపోతుంది.

కార్డులకి మెరిసే లామినేషన్ చేయించకండి. కిటికీ పక్క బెంచీలమీద వెలుతురు తళుక్కుమని కెమెరాకి గుర్తు కనిపించదు. మెరుపు లేని రకం చేయించండి, లేదా దళసరి కాగితం మీద ప్రింటు తీసి వదిలేయండి. గుర్తు మీద వేళ్ళు పెట్టకుండా అంచులు పట్టుకోమని మొదటి వారమంతా చెబుతూనే ఉండాలి.