6,800 పెట్టి కొన్న బరంపురం పట్టు

సోంపేటలో పొద్దున్నే బయల్దేరి తొమ్మిదిన్నరకల్లా బరంపురంలో దిగాం. లాడ్జి 1,400, గది శుభ్రం, వేడినీళ్లొచ్చాయి. చెప్పాల్సింది చీర సంగతి.

లాడ్జి కుర్రాడు చూపించిన షాపులో మా ఆవిడకి మెరూన్ చీర నచ్చింది, గుడి గోపురంలా మొనదేలిన ఆకుపచ్చ కుంభం అంచు. ‘ఒరిజినల్ బరంపురం పట్టు’ అంటూ 8,500 చెప్పి 6,800కి ఇచ్చాడు. బిల్లడిగితే తెల్లచీటీ మీద అంకె గీకిచ్చాడు. బేరం నెగ్గానన్న సంబరంలో మా ఆవిడ భోజనంలో తన అప్పడం కూడా నాకే వేసేసింది.

సాయంత్రం దేరా వీధికి వెళ్లాం. ఇక్కడి నేతగాళ్ల ఇళ్లలో తెలుగే. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి జాతర పెద్దరికమూ వీళ్లదే. ఓ ముసలాయన గుంటలో కాళ్లు దించి నేసే గుంట మగ్గం మీదున్నాడు. బాడీకి అడ్డపోగు నడిపే నాడె ఒకటి, అంచులకి చెరొకటి. అడ్డపోగు వేసిన ప్రతిసారీ బాడీ పోగునీ అంచు పోగునీ మెలేసి వెనక్కి తిప్పాలి. కుంభం మొన తేలాలంటే ఎక్కడ తిప్పాలో వేళ్లతో ఎంచుకోవడమే. అవతలి అంచు దగ్గర కోడలు. ముప్పావుగంటలో నేత నా బొటనవేలంత పెరిగింది.

మా ఆవిడ మురిసిపోతూ సంచిలోంచి మా చీర తీసింది. ఆయన తిరగేసి చూశాడు. ‘‘బాడీ పోగు అంచులోకి తిన్నగా పోయిందమ్మా. ఒక్క నాడెతో కొట్టేశారు.’’ కొంగు కుచ్చులోంచి పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. జుట్టు కాలిన వాసన లేదు, బూడిద రాలలేదు, నల్లపూసలా గడ్డకట్టింది. ‘‘పట్టుకి చుట్టం కూడా కాదు.’’

షాపుకెళ్తే ‘కుచ్చు తెంపేశారుగా, తీసుకోం’ అన్నాడు. నేను గొంతు పెంచేసరికి, పొద్దున గలగలా తెలుగు మాట్లాడిన మనిషికి ఒడియా తప్ప ఏదీ రాకుండా పోయింది. ఆ రాత్రి మా ఆవిడ అన్నం ముట్టలేదు.

సిల్క్ మార్క్ ట్యాగ్ లేకుండా కొనకండి. అదైనా అసలు పట్టేనని చెబుతుంది గానీ చేతినేతేనని కాదు. అంచు తిరగేసి చూసుకోవాల్సిందే.

మర్నాడు మళ్లీ ముసలాయన దగ్గరికే. మగ్గం మీదున్న చీర ఎంతిస్తానన్నా ఇవ్వలేదు, ఇంకెవరికో మాటిచ్చాడట. మాకోసం ఇంకోటి నేసేలా 13,500కి మాట్లాడుకుని 3,000 బయానా ఇచ్చొచ్చాం. నెలలో ఇస్తామన్నారు, ఆరు వారాలైంది. మొన్న మా ఆవిడ ఫోన్ చేస్తే, ‘‘వానలకి గుంటలో నీరూరిందమ్మా, ఆరాక కూర్చుంటాను. ఇంకా మూడు మూరలుంది’’ అన్నాడు.

నామీదైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేది. ఆయనతో మాత్రం, ‘‘నిదానంగానే కానీండి, బాబుగారూ’’ అంది.