ఫ్లై రాడ్ పిడి: ఫుల్ వెల్స్, సిగార్, రివర్స్ హాఫ్ వెల్స్, మన చెరువులకు ఏది మేలు?

కొత్తగా ఫ్లై రాడ్ కట్టించుకునేవాళ్లు బ్లాంక్, అంటే రాడ్ ఒట్టి కర్ర, ఎక్కణ్నుంచి తెప్పించాలి, రీల్ ఏది కొనాలి అని నెలల తరబడి ఆలోచిస్తారు. పిడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి పెట్టేయన్నా" అంటారు. నాకు ఇది నచ్చదు. మామూలు స్పిన్నింగ్ రాడ్ అయితే ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది, ఒకసారి విసిరి కాసేపు ఊరుకోవచ్చు. ఫ్లై రాడ్‌తో అలా కుదరదు. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు చుట్టిన కొక్కెం, దానికి బరువేం ఉంటుంది? బరువంతా లైన్‌దే, అంటే దారానిదే. ఆ లైన్‌ను గాల్లో వెనక్కీ ముందుకీ ఆడించి, బొటనవేలితో తోసి, టక్కున ఆపాలి. ఒక్క సాయంత్రంలోనే ఈ పని వందల సార్లు చేస్తాం. ఆ ఊపంతా చేతి నుంచి రాడ్‌లోకి వెళ్లేది పిడి ద్వారానే.

పిడి ఆకారాలు చాలా ఉన్నా మనం నిజంగా తేల్చుకోవాల్సింది మూడింటి మధ్యే.

ఫుల్ వెల్స్ రెండు కొనల దగ్గరా లేచి, మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది. మధ్య ఉబ్బుకూ ముందు అంచుకూ నడుమ చిన్న పల్లం వస్తుంది. బొటనవేలు వెళ్లి అక్కడే కూర్చుంటుంది. ముందుకు తోసేటప్పుడు వేలికి ముందుకు జారే పని లేదు, ముందు అంచు ఆనుగా నిలబడుతుంది. రాడ్ నంబర్ అంటే అది మోసే లైన్ నంబరే, నంబర్ పెరిగేకొద్దీ లైన్ బరువు. 7, 8 నంబర్ రాడ్లకూ అంతకన్నా బరువైనవాటికీ ఎక్కువమంది ఫుల్ వెల్సే పెట్టడానికి కారణం ఆ ఆనే. సిగార్ పేరుకు తగ్గట్టే చుట్టలా రెండు కొనలూ సన్నబడి ఉంటుంది. రివర్స్ హాఫ్ వెల్స్ ముందువైపు సన్నబడి, వెనక రీల్ సీట్ (రీల్ బిగించే చోటు) దగ్గర లేస్తుంది. దుకాణాల్లో రెడీమేడ్‌గా దొరికే 4, 5 నంబర్ రాడ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. హాఫ్ వెల్స్, రివర్స్ హాఫ్ వెల్స్ పేర్లను అమ్మేవాళ్లు ఒక్కోచోట ఒక్కోలా వాడతారు కాబట్టి ఆర్డర్ పెట్టేముందు పేరు చూసి ఊరుకోకండి, బొమ్మ చూడండి.

ఇప్పుడు మన చేపల సంగతికొద్దాం. మన దగ్గర ఫ్లై పట్టుకుని చెరువు కట్టెక్కేవాడి మనసంతా కొర్రమట్ట మీదే ఉంటుంది. 2016లో మన తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది కూడా దాన్నే. గాలి పీల్చుకోవడానికి అది పైకి వస్తూ ఉంటుంది. తామరాకుల సందుల్లో, గుర్రపుడెక్క అంచుల్లో పొంచి ఉండి కప్ప మీదికి దూకుతుంది. అందుకే దానికి వేసే ఫ్లై కూడా కప్పంత లావుగా, వెంట్రుకలు దట్టంగా ఉండాలి. అంత లావు ఫ్లైని గాలి ఆపేస్తుంది. దాన్ని మోయాలంటే బరువైన లైన్ కావాలి. లైన్ నంబర్‌ను మొదటి 30 అడుగుల బరువును బట్టి నిర్ణయిస్తారు. 4 నంబర్ లైన్ అయితే 120 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.8 గ్రాములు. 8 నంబర్ 210 గ్రెయిన్లు, దాదాపు 13.6 గ్రాములు. ఒకటిముప్పావు రెట్లు అన్నమాట. దానికి తోడు చేప పడ్డ క్షణంలోనే ఆకుల్లోకి దూరిపోతుంది. దాన్ని ఆడించుకుంటూ కూర్చునే టైం ఉండదు, పడగానే బయటికి గుంజాలి. సరిగ్గా ఆ గుంజుడులోనే ఫుల్ వెల్స్ విలువ తెలుస్తుంది. ముందు అంచుకు బొటనవేలు ఆని, వెనక అంచుకు అరచేతి మడమ ఆని, పిడి చేతిలో తిరగకుండా ఉంటుంది. కొర్రమట్ట కోసమే 8 నంబర్ రాడ్ కట్టించుకుంటున్నవాళ్లకు రెండో ఆలోచన అక్కర్లేదు, ఫుల్ వెల్సే మేలు.

దాని ఇబ్బంది దానికీ ఉంది. ముందు అంచు పలచగా ఉండటంతో కారు డిక్కీలోనో, గట్టు రాళ్ల మీదో తగిలి పెచ్చులూడుతుంది. పిడిని కార్క్ రింగులు అతికించే చేస్తారు కాబట్టి, ఆ చివర ఒక్క రింగ్ రబ్బరు కలిసిన కార్క్‌ది వేస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఇంకో పెద్ద ఇబ్బంది లావు. బయట నుంచి వచ్చే రెడీమేడ్ ఫుల్ వెల్స్ పెద్ద అరచేతులకు చెక్కినవి. చాలామందికి అవి లావైపోతాయి, పిడికిలి పూర్తిగా మూసుకోదు. దాంతో పట్టు నిలుపుకోవడానికి గట్టిగా బిగిస్తారు, గంట తిరక్కుండానే ముంజేయి లాగుతుంది. చూసుకునే పద్ధతి తేలికే. పిడిని మామూలుగా పట్టుకున్నప్పుడు మధ్యవేలి కొన బొటనవేలి కింది కండకు అలా తగిలీ తగలనట్టు ఉండాలి. మధ్యలో వేలు దూరేంత సందుంటే పిడి లావు. గోరు కండలోకి గుచ్చుకుంటే సన్నం.

పరకలు, చిన్న తిలాపియాలు పడుతూ పొద్దుపోనిచ్చేవాళ్లకు 3, 4 నంబర్ రాడ్ మీద సిగారే బాగుంటుంది. 20, 30 అడుగుల దూరంలో, ఒక బుడగ లేచిన చోటే ఫ్లై వాలాలంటే చూపుడువేలును పిడి మీద బారుగా పెట్టి విసరడం హాయి. వేలు ఎటు చూపిస్తే లైన్ అటు వెళ్తుంది. సిగార్‌కు అడ్డం వచ్చే అంచు లేదు కాబట్టి ఆ వేలు సాఫీగా పడుకుంటుంది. చెయ్యి అలిసినప్పుడు పట్టును అర అంగుళం ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు కూడా. కానీ వరంగల్ మే నెల ఎండలో, అరచేతులు చెమటతో తడిసినప్పుడు, బరువు లైన్‌తో సిగార్ పట్టి చూడండి. బొటనవేలు ముందుకు జారుతూనే ఉంటుంది. 8 నంబర్ రాడ్‌కు దాన్ని పెట్టించుకోవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

సిగార్ తీసుకుంటే రీల్ సీట్ కూడా దాన్ని బట్టే ఎంచుకోవాలి. కింద నుంచి మర తిప్పి పైకి బిగించే సీట్‌లో రీల్ పాదాన్ని పట్టే పై టోపీని పిడి వెనక భాగంలోకి దూర్చేస్తారు. ఫుల్ వెల్స్‌లో, రివర్స్ హాఫ్ వెల్స్‌లో అక్కడ కార్క్ లావుగా ఉంటుంది కాబట్టి టోపీ లోపల దాక్కుంటుంది. సిగార్ వెనక కొన సన్నం, అందులో చోటుండదు. దానికి పై నుంచి కిందికి బిగించే సీట్ నప్పుతుంది.

రివర్స్ హాఫ్ వెల్స్ గురించి పెద్దగా వాదించడానికి ఏమీ లేదు. బొటనవేలు పైన పెట్టేవాళ్లకూ చూపుడువేలు పైన పెట్టేవాళ్లకూ పనికొస్తుంది, చూడ్డానికీ అందంగా ఉంటుంది. 5 నంబర్ రాడ్‌కు కళ్లు మూసుకుని పెట్టించుకోవచ్చు.

తేల్చుకోలేకపోతే కార్క్ అతికించకముందే ఒక పరీక్ష పెట్టుకోండి. పాత రాడ్ పిడి ముందు కొన మీద కాటన్ టేప్ వరసలు వరసలుగా చుట్టి అంచు లేపండి. కొక్కెం బదులు ఎర్ర ఉన్ని ముక్క కట్టి, హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ లాంటి ఖాళీ జాగాలో ఒక సాయంత్రమంతా విసరండి. మర్నాడు టేప్ తీసేసి మళ్లీ విసరండి. అరచేతిలో ఎక్కడ ఎర్రబడిందో చూస్తే ఏ ఆకారం కావాలో మీ చెయ్యే చెప్తుంది.

చెక్కించే పని ఊళ్లోనే అవుతుంది. అర అంగుళం మందం కార్క్ రింగులు 14 అతికిస్తే 7 అంగుళాల పిడి వస్తుంది. మంచాల కోళ్లు తిప్పే లేత్ ఉన్న వడ్రంగి ఎవరైనా చేసిపెడతారు. ఒక్కటి మాత్రం ముందే గట్టిగా చెప్పండి, కార్క్‌కు ఉలి తగలొద్దు. ఉలి పెడితే కార్క్ తెగదు, ముక్కలుగా ఊడొస్తుంది. మొదట 80 నంబర్ గరుకు కాగితంతో ఆకారం తెచ్చి, తర్వాత 120, 220తో నునుపు చేయించాలి. వడ్రంగి పక్కనే నిలబడి, మధ్యమధ్యలో లేత్ ఆపించి, పిడికిలి బిగించి చూసుకుంటూ ఉండండి. తీసేసిన కార్క్ మళ్లీ రాదు.

ఇంకో మాట. చాలా చెరువుల్లో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. వాళ్లను అడిగే గాలం వేయండి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

అసలు తికమకంతా 6 నంబర్ దగ్గరే. పొద్దున లోయర్ మానేరు గట్టున తిలాపియాకూ, సాయంత్రం ఏదో ఊరి చెరువులో కొర్రమట్టకూ ఒకే రాడ్ వాడాలనుకునేవాళ్లు చాలామంది. "మధ్యరకం కదన్నా, రివర్స్ హాఫ్ వెల్స్ చాలదా" అని అడుగుతారు. నేనైతే ఫుల్ వెల్సే పెట్టిస్తా, కాకపోతే ముందు అంచును సగానికి సగం తగ్గించి. అంత కొంచెం అంచున్నా బొటనవేలికి ఆను దొరుకుతుంది, చూపుడువేలు పైన పెట్టాలనిపించినప్పుడు పెద్దగా అడ్డం రాదు. ఫుల్ వెల్స్‌ను తర్వాత అరగదీసి తగ్గించుకోవచ్చు కానీ, సన్నగా చెక్కిన రివర్స్ హాఫ్ వెల్స్‌కు కొత్తగా అంచు తేవాలంటే పిడి మొత్తం కోసి తీసేయాల్సిందే.