నిద్రలేనివాళ్లకి "నిద్ర కోర్సు" అంటగడుతున్నారు, ఆరు వారాల పసికందు ఉన్నవాళ్లు కాస్త ఆగండి

ఏ కోర్సో పేరు చెప్పక్కర్లేదు. బిడ్డ పుట్టిన పది రోజులకల్లా ఫోన్లో ప్రత్యక్షమవుతుందే, "14 రాత్రుల్లో 12 గంటల నిద్ర" అని, అదే. అప్పటికి పాపకి ఆరు వారాలు. తెల్లవారుజామున మూడింటికి, ఒంటిచేత్తో, కొనేశాం. ఆ టైములో చందమామని వాయిదాల మీద అమ్ముతామన్నా సంతకం పెట్టేవాళ్లమే. బుద్ధి గడ్డి తింది, ఒప్పుకుంటున్నా.

డబ్బు పోయినందుకు కూడా కాదు ఈ మంట. "నచ్చకపోతే పూర్తి రిఫండ్" అన్నదాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక షరతు ఉంది: 14 రోజుల నిద్ర పట్టిక నింపి పంపాలి, 15 నిమిషాలకో గడి, ఒక్కటీ ఖాళీ ఉండకూడదు. లెక్కేసుకోండి, 1,344 గడులు. నిద్ర లేక ఏడుస్తున్న మనుషుల చేత, వాళ్లు నిద్రపోకుండా మేలుకుని నింపాల్సిన పట్టిక! నింపాం. ఎనిమిది గడులు ఖాళీగా ఉండిపోయాయి. దానికి వచ్చిన జవాబు, నమస్కారం బొమ్మతో సహా: "ప్రోగ్రాంలో లోపం లేదండీ, మీలో కన్సిస్టెన్సీ లేదు. మీ వల్ల పాప నిద్ర నేర్చుకునే అవకాశం కోల్పోతోంది."

మీ వల్ల! రెండు నెలల పాప ఇంట్లో ఉన్నవాళ్లతో అనే మాటా అది?

ఆ కోపంలో అసలు మాకు ఈ లింకు పంపిందెవరా అని వెనక్కి వెళ్లి చూస్తే, లింకు చివర "రెఫ్" (ఎవరి సిఫారసుతో కొన్నామో చెప్పే గుర్తు) అని ఉండి, ఆ పక్కనే ఆవిడ పేరు. "నన్ను నమ్ము, నీ బతుకు మారిపోతుంది" అని పంపిన అక్క. నిజమే, ఒకరి బతుకు బాగుపడింది, మా వాటా కమీషన్ ఆవిడకి చేరింది. కమీషన్ తీసుకుంటే తీసుకుంది, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా.

ఇప్పుడు అసలు విషయం. ఆరు వారాల బిడ్డకి ఈ కోర్సు పనిచేయదు, చేయలేదు. పగలేదో రాత్రేదో చెప్పే గడియారం ఆ ఒంట్లో ఇంకా తయారే కాలేదు. అది కుదురుకునేది సుమారు రెండు మూడు నెలలకి. అప్పటిదాకా రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకుంటారు గానీ ముక్కలు ముక్కలుగా. తల్లిపాలు తాగే పిల్లలకి 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు కావాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో వయసులవారీగా ఎన్ని గంటల నిద్ర కావాలో చెప్పినప్పుడు, నాలుగు నెలల లోపు పిల్లలకి అంకే ఇవ్వలేదు, బిడ్డకీ బిడ్డకీ అంత తేడా ఉంటుందని. వాళ్లు ఇవ్వలేకపోయింది మన కోర్సు మేడం నిమిషాలతో సహా ఇచ్చేసింది.

మరి "మాకు పనిచేసింది" అని కోర్సు కొన్నవాళ్లు పెట్టే మెసేజీలన్నీ అబద్ధాలా అంటే, కాకపోవచ్చు. కిటుకంతా అక్కడే ఉంది. పసిపిల్లల ఏడుపు పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ వచ్చి ఆరు వారాలప్పుడు శిఖరానికి చేరుతుంది. మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. శిఖరం మీద ఉన్నప్పుడే కొంటాం, ఆ తర్వాత ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, దిగడమే. ఉత్తి తాయెత్తు కట్టినా ఇదే ఫలితం వచ్చేది. కీర్తి కోర్సుకి, తగ్గకపోతే తప్పు మనకి.

పనిచేయకపోతే పోయింది, హాని చేసే సలహాలు కూడా ఉన్నాయి అందులో. మూడో పాఠంలో రాత్రి పాలు ఆపి నీళ్లు పట్టమంటారు. ఆరు నెలలలోపు బిడ్డకి నీళ్లు పట్టకూడదు. ఆ చిన్న కిడ్నీలు అదనపు నీటిని బయటికి పంపలేవు, ఒంట్లో సోడియం పడిపోతుంది, మూర్ఛ దాకా వెళ్లొచ్చు. పైగా రాత్రి ఫీడ్లు ఆపితే తల్లికి పాలే తగ్గుతాయి. ఎంత తాగిస్తే అంత ఊరేవి పాలు, పాలు తయారుచేసే హార్మోను ఎక్కువగా ఉండేదే రాత్రిపూట.

ఆ తర్వాత "సిఫారసు వస్తువులు": బరువు కుట్టిన చుట్టుగుడ్డ, ఏటవాలు ఊయల కుర్చీ. వాటి లింకుల తోక కూడా చూశా, మళ్లీ అదే రెఫ్. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 మార్గదర్శకాలు ఈ రెండింటినీ వద్దన్నాయి. బిడ్డని వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీదే పడుకోబెట్టాలి. దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ పక్కన ఉండకూడదు. వాలు 10 డిగ్రీలు దాటితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనొచ్చు, ఊపిరి దారి మూసుకుపోవచ్చు. మామూలు గుడ్డ చుట్టడం కూడా బిడ్డ బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టగానే మానేయాలి.

న్యాయంగా చెప్పాలంటే ఒక్క పనికొచ్చే ముక్క ఉంది. పసిపిల్లల నిద్రలో దాదాపు సగం కదలికల నిద్రే: మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కాళ్లు విదిలిస్తారు, కళ్లు కూడా సగం తెరుస్తారు. అది మేలుకోవడం కాదు. వెంటనే ఎత్తుకుంటే మనమే లేపినట్టు. ఒకటి రెండు నిమిషాలు చూసి, నిజంగా ఏడిస్తేనే ఎత్తుకోవాలి. ఇది ఏ పిల్లల డాక్టరయినా, ఏ నర్సమ్మయినా ఊరికే చెప్తారు. ఇక "అడ్వాన్స్‌డ్" అని విడిగా అమ్మే మాడ్యూల్లో ఉన్నది 3, 5, 10 నిమిషాలు ఆగి ఆగి వెళ్లి ఊరుకోబెట్టే పద్ధతి. ఎప్పటినుంచో ఉన్నదే, అదీ నాలుగు నుంచి ఆరు నెలల వయసు దాటాక ఆలోచించాల్సింది. స్లీప్ కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకోవడానికి డాక్టరుకో నర్సుకో ఉన్నట్టు లైసెన్సేమీ అడగరు, అది కూడా గుర్తుంచుకోండి.

సరే, కొనాలని ఉన్నవాళ్లకి: లింకు తోక చూడండి. రిఫండ్ షరతులు పగటిపూట, నిద్రపోయి లేచాక చదవండి. కొనేస్తే ఆటోమేటిక్ రెన్యూవల్ వెంటనే తీసేయండి, మాకు అది కూడా ఆన్‌లోనే ఉంది. కోర్సువాళ్లు పంపిన మెసేజీలు వాళ్లు చెరిపేసేలోపు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

నిద్ర కావాలంటే ఇంట్లో ఇద్దరుంటే రాత్రిని పంచుకోండి, ఒకరు 8 నుంచి 1 దాకా, ఇంకొకరు 1 నుంచి 6 దాకా. తన వంతు కానివాళ్లు వేరే గదిలో పడుకోవాలి. తల్లిపాలే అయితే రెండోవాళ్లు డైపర్ మార్చి, బిడ్డని తెచ్చి ఇచ్చి, తాగాక తీసుకెళ్లాలి. బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే, అది రోజుల తరబడి సాగితే, కోర్సు కాదు, డాక్టరు కావాలి. కాన్పు తర్వాతి దిగులుని పసిగట్టడానికి పది ప్రశ్నల చీటీ ఒకటి ఉంటుంది, అడగండి. మూడు నెలలలోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. దీని గురించి ఆ కోర్సు మొత్తంలో ఒక్క ముక్క లేదు.

రేపు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే మా డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు, వేస్తున్నాం. ఆ 1,344 గడుల పట్టిక కూడా జతచేస్తున్నాం, ఎనిమిది ఖాళీలతో సహా.