'12 యాంగ్రీ మెన్' రిస్టోర్డ్ డిస్క్: ఈసారి చెమట కనిపించింది

ఈ డిస్క్ కొన్నది ఒక గొడవ తేల్చుకోవడానికి. కలిసి సినిమాలు చూసే మా నలుగురిలో ఇద్దరం పాత సినిమా అంటే నిద్ర కూడా మానుకుంటాం, మిగతా ఇద్దరికి నలుపు-తెలుపు బొమ్మ కనిపించగానే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. పోయినసారి ఒక స్ట్రీమింగ్ యాప్‌లో '12 యాంగ్రీ మెన్' (1957) పెట్టాను. అరగంట కూడా కాలేదు, "ఆ రోజుల్లో గొప్పే అయ్యుంటుంది, ఇప్పుడు కంటికి ఆనట్లేదురా, ఏదో సీరియల్ చూస్తున్నట్టుంది" అనేశాడు మావాడు. చాలా బాధేసింది. నాకు అంత ఇష్టమైన సినిమా అది. పైగా వాడన్న దాంట్లో నిజం ఉంది, ఆ రోజు ఆ టీవీలో అది అచ్చం సీరియల్‌లాగే కనిపించింది.

తర్వాత తీరిగ్గా కారణం వెతికాను. సినిమా నడిచేది సెకనుకి 24 ఫ్రేములతో. ఇప్పటి టీవీల్లో మోషన్ స్మూతింగ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, చాలా టీవీల్లో కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. అది ఆ 24 ఫ్రేముల మధ్య తనే కొత్త ఫ్రేములు అల్లి పెడుతుంది. ఆటల పోటీలు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సినిమాకి పెడితే మనిషి నడక దగ్గర్నుంచి అన్నీ జారిపోతున్నట్టు, వీడియో కెమెరాతో తీసినట్టు అయిపోతాయి. 2018లో టామ్ క్రూజ్ వీడియో పెట్టి మరీ ఆపేయమని బతిమాలింది దీన్నే. దానికి తోడు ఆ యాప్‌లో ఉన్న కాపీ ఘోరం. ఫిల్మ్ మీద సహజంగా ఉండే గ్రెయిన్‌ని, అంటే సన్నటి రేణువుల్లాంటి చుక్కల్ని, దుమ్ము అనుకున్నారో ఏమో, మొత్తం తుడిచేశారు. గ్రెయిన్‌తో పాటు ముఖాల మీద ముడతలూ చర్మం గరుకుదనం కూడా పోయి పన్నెండు మందీ మైనపు బొమ్మల్లా తయారయ్యారు. అలాంటి కాపీ చూసి సినిమా పాతబడిందని తీర్పు చెప్పడం అన్యాయం అనిపించి, రిస్టోర్ చేసిన (పాత ఫిల్మ్‌ని బాగుచేసి తెచ్చిన) డిస్క్ తెప్పించి, టీవీలో ఆ సెట్టింగ్ ఆపి, లైట్లు తీసేసి, అదే నలుగురం మళ్ళీ కూర్చున్నాం.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. తండ్రిని కత్తితో పొడిచాడని ఒక కుర్రాడి మీద కేసు. తీర్పు చెప్పాల్సిన పన్నెండు మంది మామూలు మనుషులు, అంటే జ్యూరీ, ఒక గదిలోకి వెళ్తారు. ఏకగ్రీవంగా దోషి అని తేల్చితే వాడికి మరణశిక్ష. మొదటి ఓటింగ్‌లో పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు (హెన్రీ ఫోండా) కాదు అంటాడు. కాదు అంటే అమాయకుడని కాదు, నాకు అనుమానం ఉంది, కాసేపు మాట్లాడుకుందాం అని. 96 నిమిషాల సినిమా, దాదాపు అంతా ఆ ఒక్క గదిలోనే.

ఒక్క గది కాబట్టే కాపీ బాగుండటం ఇంత ముఖ్యం. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కి ఇది మొదటి సినిమా. మొదట్లో కెమెరాని కంటి మట్టానికి పైన పెట్టి వైడ్ లెన్సులు (ఎక్కువ వెడల్పు చూపించేవి) వాడారు, మధ్యలో కంటి మట్టానికి దించారు, చివరి భాగానికి వచ్చేసరికి కింద నుంచి పైకి చూపిస్తూ పొడుగు లెన్సులకి (వెనకున్నవి దగ్గరగా కనిపించేలా చేసేవి) మారారు. దాంతో గోడలు దగ్గరకి జరిగినట్టు, సీలింగ్ నెత్తి మీదకి దిగినట్టు ఉంటుంది, గది మాత్రం అదే గది. ఇది ఆయనే తన పుస్తకంలో వివరంగా రాశారు. కెమెరా పట్టింది బోరిస్ కౌఫ్‌మన్, అప్పటికే 'ఆన్ ద వాటర్‌ఫ్రంట్'కి ఆస్కార్ తీసుకున్నాయన. పోయినసారి టీవీ జూమ్ మోడ్‌లో ఉండి పైనా కిందా కోసేసింది, అంటే లూమెట్ అంత కష్టపడి చూపించిన సీలింగే మాకు సరిగ్గా కనబడలేదు! డిస్క్‌లో ఫ్రేమ్ 1.66 నిష్పత్తిలో (ఎత్తుకి 1.66 రెట్ల వెడల్పు), పక్కన సన్నటి నల్ల పట్టీలతో వస్తుంది. దయచేసి ఆ పట్టీలు పోగొట్టాలని చూడకండి.

ఇక చెమట. నాలుగో నంబర్ జ్యూరర్ (ఇ.జి. మార్షల్) కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి. గదిలో అందరూ ఉక్కపోతకి కోట్లు విప్పేసినా ఈయన విప్పడు, మీకు చెమట పట్టదా అని అడిగితే పట్టదంటాడు. హత్య జరిగిన టైములో సినిమాకి వెళ్ళానన్న కుర్రాడు ఆ సినిమా పేరు చెప్పలేకపోయాడు కాబట్టి అబద్ధమాడుతున్నాడు అనేది ఈయన పాయింట్. అప్పుడు ఫోండా, నిన్న రాత్రి మీరేం చేశారు, మొన్న రాత్రి ఏం చేశారు అని ఒక్కో రోజూ వెనక్కి అడుగుతూ పోతాడు. నాలుగు రోజుల కిందటి సినిమా దగ్గరకి వచ్చేసరికి ఆయనకి పేరు సరిగ్గా గుర్తు రాదు, నటుల పేర్లూ అంతే. అప్పుడు నుదుటి మీద తడి మెరుస్తుంది. ఆయన రుమాలు తీసి తుడుచుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు. యాప్ కాపీలో ఆ తడి లేదు, నున్నటి నుదుటి మీద ఉత్తినే రుమాలు రాసుకున్నట్టు ఉంది. డిస్క్‌లో బొట్టు బొట్టూ కనిపిస్తుంది. పదకొండు వందల మాటల వాదన చేయలేని పని ఆ నుదురు చేసింది, మావాడు ఫోన్ పక్కన పెట్టింది సరిగ్గా అక్కడే.

సౌండ్ మోనో, అంటే ఒకే ఛానల్. సినిమా తయారైందే అలా, సరౌండ్ లేదని కోపం తెచ్చుకోనక్కర్లేదు. డైలాగులు స్పష్టంగా ఉన్నాయి, వాన మొదలయ్యాక కూడా. ఎక్స్‌ట్రాల్లో నాకు బాగా నచ్చింది రెజినాల్డ్ రోజ్ ఇదే కథని 1954లో లైవ్ టీవీ నాటకంగా రాసినప్పటి రికార్డింగ్. తొమ్మిదో నంబర్ ముసలాయన జోసెఫ్ స్వీనీ, పదకొండో నంబర్ జార్జ్ వాస్కోవెక్ రెండింట్లోనూ ఉన్నారు. బొమ్మ మసకే గానీ, అదే కథ లూమెట్ చేతిలో ఎంత బిగిసిందో పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. బుక్‌లెట్‌లో అక్షరాలు మరీ చిన్నవి, అది మాత్రం నచ్చలేదు.

ఇంత మెచ్చుకున్నా, పాతబడినవి ఉన్నాయి, ఒప్పుకోవాలి. పన్నెండు మందీ మగవాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే. 1997లో విలియం ఫ్రీడ్‌కిన్ టీవీకి మళ్ళీ తీసినప్పుడు నలుగురు నల్లజాతి నటుల్ని పెట్టారు గానీ అప్పుడూ జ్యూరీలో ఆడవాళ్ళు లేరు. ఇంకొకటి, అలాంటి కత్తే బయట దొరుకుతుందని చూపించడానికి ఫోండా తనే ఒకటి కొనుక్కొచ్చి టేబుల్ మీద గుచ్చుతాడు. సీను అదిరిపోతుంది, కానీ నిజం కేసులో జ్యూరర్ సొంతంగా ఆధారాలు వెతికి తెస్తే విచారణే చెల్లకుండా పోవచ్చు. మా నలుగురిలో కోర్టు వ్యవహారాలు తెలిసినావిడ దీని మీద అరగంట క్లాస్ పీకింది, ఆవిడన్నది సబబే.

అయితే పదో నంబర్ జ్యూరర్ "వాళ్ళంతా అంతే, పుట్టుకతోనే అబద్ధాలకోర్లు" అనే ధోరణిలో ఊగిపోయే సీను చూసి ఇది పాతబడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్కొక్కరే కుర్చీలోంచి లేచి వెళ్ళి అతనికి వీపు పెట్టి నిలబడతారు, అతని గొంతు నెమ్మదిగా సన్నబడుతుంది. ఆ 'వాళ్ళు' ఎవరో సినిమా ఎక్కడా పేరు పెట్టి చెప్పదు. అందుకే ఎవరు చూసినా తమ చుట్టూ వినిపించే మాటే గుర్తొస్తుంది.

నేను పాత సినిమా అయితే చాలు మొక్కే రకం కాదు. 'సైకో' (1960) నాకెంతో ఇష్టం, కానీ చివర్లో డాక్టర్ నిలబడి అంతా విప్పి చెప్పే ఆ ఉపన్యాసం ఇప్పటికీ నాకు ఎక్కదు, అది లేకపోతే ఇంకా భయపడేవాళ్ళం. '12 యాంగ్రీ మెన్'లో అలా ఎవరూ మనకి పాఠం చెప్పరు. ఇది విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు కూడా. ఆస్కార్‌లో మూడు నామినేషన్లు వస్తే మూడూ 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్' పట్టుకుపోయింది. అంటే జనం మొదటి నుంచీ క్లాసిక్ అని నెత్తిన పెట్టుకున్నది కాదు, చూసినవాళ్ళు చూసినట్టు ఒకరికొకరు చెప్పుకుంటూ ఇక్కడిదాకా తెచ్చారు.

సినిమాకి 5కి 4.5, డిస్క్‌కి 4. ఇప్పటికే ఇష్టపడేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. ఒకసారి చూసి పెదవి విరిచినవాళ్ళు ముందు టీవీ సెట్టింగ్ చూసుకుని, ఎవరి దగ్గరైనా తీసుకుని చూడండి.

మా గొడవ మాత్రం తేలలేదు, మారింది. సీరియల్ అన్నవాడు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు గానీ, కుర్రాడే చంపాడంటాడు. రైలు దడదడలాడుతూ పోతుంటే, సాక్ష్యం చెప్పిన కింది ఇంటి ముసలాయనకి అరుపు ఎలా వినబడిందంటే ఒప్పుకున్నాడు, తలుపు దగ్గరకి 15 సెకన్లలో వచ్చానన్న మనిషికి 41 సెకన్లు పట్టడమూ ఒప్పుకున్నాడు, హత్య కళ్ళారా చూశానని సాక్ష్యం చెప్పినావిడ కళ్ళజోడు దగ్గర ఆగిపోయాడు. ముక్కు మీద నొక్కులు ఉన్నంత మాత్రాన ఆవిడ ఆ రాత్రి జోడు పెట్టుకోలేదని ఎలా చెప్తారంటాడు. అనుమానం ఉంటే చాలు కదరా, రుజువు అక్కర్లేదు కదా అని నేను. డిస్క్ ఇప్పుడు వాడి దగ్గరే ఉంది, ఆ సీను ఇంకోసారి చూసి చెప్తానని పట్టుకెళ్ళాడు.