కర్నూల్లో సీటు బెల్టు మార్పించుకునేవాళ్లు ఒక్క నిమిషం ఇది చదవండి

ఛాతీ నొప్పి ఇంకా తగ్గలేదు. కోపం అసలే తగ్గలేదు.

డ్రైవర్ సీటు బెల్టు లోపలికి సరిగ్గా చుట్టుకోవడం లేదని కారు సామాన్ల షాపుకు పోయాను. పేరు రాయను, కర్నూల్లో బండి ఉన్నవాళ్లలో చాలామందికి తెలిసిన షాపే. చూడకుండానే "బెల్టు అయిపోయిందన్నా, కొత్తది ఏస్తా" అన్నాడు. 3,800 తీసుకున్నాడు. బిల్లు లేదు, తెల్లకాగితం మీద అంకె రాసిచ్చాడు, నేనూ జేబులో పెట్టుకుని వచ్చేశాను. రెండ్రోజులకే బెల్టు ఊరికే లాక్ పడుతోందని మళ్లీ పోతే, పది నిమిషాల్లో ఫ్రీగా వచ్చేలా చేసిచ్చాడు.

నిన్న నంద్యాల పోతుంటే, ఓర్వకల్లు దాటినాక బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాను. పక్కన మా ఆవిడ బెల్టు టక్కున పట్టుకుంది, ఆమె సీట్లోంచి కదల్లేదు. నా బెల్టు మాత్రం సరసరా ఊడొచ్చింది. ఛాతీ పోయి స్టీరింగుకు తగిలింది. స్పీడు యాభై కూడా లేదు. అదే ఎనభైలో ఉండుంటే?

కంపెనీ సర్వీస్ సెంటర్లో ప్లాస్టిక్ ఊడదీసి చూపించారు. వాడు వేసిన బెల్టు వేరే మోడల్ కారుది, పాతది. కింద కుట్టి ఉండే లేబుల్ కత్తిరించేశారు. బెల్టు చుట్టుకునే డబ్బాలో చిన్న ఇనుప గోళీ ఉంటుందట, బండి కుదుపుకు అది కదిలితే బెల్టు లాక్ అవుతుంది. వేరే కారు డబ్బా మన కారులో సరైన వాలులో కూర్చోదు కాబట్టి ఊరికే లాక్ పడింది. దానికి వాడు చేసిన రిపేరు ఏమిటంటే, ఆ గోళీ, లాక్ పళ్లు తీసిపారేయడం! బెల్టును ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌కు కలిపే పసుపు ప్లగ్గులో రెసిస్టర్ అనే చిన్న ముక్క కూడా పెట్టాడు, తేడా ఉందని ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగకుండా.

వెనక్కి పోయి అడిగాను. టీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండా అన్నాడు: "లాక్ పడుతుందని నువ్వే గదన్నా చెప్పింది. బెల్టు పోలీసోళ్లకు కనపడితే సాలు. ఇప్పుడేమయింది, బాగనే ఉండావు గదా."

వెయ్యి రూపాయల ఫైను కోసం కట్టుకుంటామా బెల్టు? పక్క సీట్లో మా ఆవిడ ఉందని వాడికి తెలియదా? ఆ కౌంటరు మీద బెల్టు బీప్ ఆపే క్లిప్పులు గుత్తులుగా వేలాడుతున్నాయి. 2023లో ఆన్‌లైన్ కంపెనీలను అమ్మొద్దని కేంద్రం ఆదేశించిన క్లిప్పులవి. వాటిని చూసినప్పుడే బయటికి రావాల్సింది నేను.

అన్నిటికన్నా బాధ ఇది: నా పాత బెల్టుకు పట్టిన జిడ్డు సబ్బునీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టి ఉంటే సరిపోయేదేమో అన్నారు సర్వీస్ వాళ్లు. ఆ బెల్టు వాడి దగ్గరే ఉండిపోయింది. అడిగితే "పారేసినాం" అన్నాడు.

బెల్టు మెల్లగా లాగితే రావాలి, గట్టిగా గుంజితే పట్టుకోవాలి. షాపులోనే గుంజి చూడండి. యాక్సిడెంట్ బండి బెల్టు వద్దు, బిల్లు లేకుండా డబ్బులివ్వొద్దు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, మొదట అడిగింది బిల్లే.

కొత్త బెల్టు రావడానికి నాలుగు రోజులట. అప్పటిదాకా బండి ఇంటి ముందే.