స్పోర్ట్ వెర్షన్ బంపర్లా, సైలెన్సరా: మామూలు కారుకు ఏది మేలు?

చేతిలో ఉన్నది మామూలు వెర్షన్. అదే మోడల్‌లో స్పోర్ట్ వెర్షన్ రోడ్డు మీద కనిపించినప్పుడల్లా మనసు లాగుతుంది. దాని బంపర్లు, స్కర్టులు (తలుపుల కింద అంచులకు వేసే పట్టీలు) తెచ్చి వేయించుకోవాలా, ఎగ్జాస్ట్ (ఇంజిన్ పొగను బయటికి పంపే పైపులు, సైలెన్సర్) మార్పించాలా, రెండూ ఒకేసారి చేయించేయాలా? ఈ మధ్య ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి ఒక్కచోట రాసేస్తున్నాను. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. నా ఓటు బాడీ భాగాలకే. అవి కూడా అన్నిటికంటే పవర్ ఎక్కువున్న వెర్షన్‌వి కాదు, కంపెనీయే మామూలు ఇంజిన్‌తో అమ్మిన స్పోర్ట్ ట్రిమ్‌వి, అంటే స్పోర్ట్ రూపం మాత్రమే ఉన్న రకానివి. ఎగ్జాస్ట్ సంగతి మాత్రం కారు లిఫ్ట్ ఎక్కించి కింద చూశాకే తేల్చాలి.

అందం, సౌండ్ ఎవరి ఇష్టం వాళ్లవి. కానీ ఇష్టంతో పని లేని విషయం ఒకటుంది, నా దృష్టిలో అంతా దాని మీదే ఆధారపడి ఉంది. వెనక బంపర్, సైలెన్సర్ విడివిడి వస్తువులు కావు, అవి జంట. బంపర్‌లో గాడి ఎక్కడుంటే పైపు మూతి అక్కడికి రావాలి. పైపు అక్కడికి రావాలంటే సైలెన్సర్ ఫలానా చోటే వేలాడాలి. అది అక్కడ వేలాడాలంటే డిక్కీ అడుగున అంత ఖాళీ ఉండాలి, హ్యాంగర్లు (సైలెన్సర్‌ని వేలాడదీసే పట్టీలు) తగిలించే కొక్కేలు ఉండాలి, వెనక యాక్సిల్ దారికి అడ్డు రాకూడదు. అంటే నిర్ణయం కారు అడుగు చేతిలో ఉంది. ఆ అడుగు చూడకుండా ముందే బంపర్ కొనేస్తే, తర్వాత పైపు లేని గాడి ఒకటి వెనక ఖాళీగా మిగిలిపోతుంది.

ఫోక్స్‌వ్యాగన్ ఏడో తరం గోల్ఫ్‌నే తీసుకోండి. మామూలు వెర్షన్లలో పైపు ఒక పక్కనే. దాని స్పోర్ట్ వెర్షన్ జీటీఐకి అటొకటి, ఇటొకటి. అంతకంటే పవర్ ఎక్కువున్న గోల్ఫ్ ఆర్‌కి అటు రెండు, ఇటు రెండు. బయటి నుంచి చూస్తే బంపర్ మార్చి పైపులు చేరిస్తే సరిపోతుందనిపిస్తుంది. కింద కథ వేరు. తక్కువ పవర్ వెర్షన్లకు వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం) ఉంటుంది, జీటీఐకి మల్టీలింక్ సస్పెన్షన్ (ఒక్కో చక్రానికి విడివిడి కడ్డీలు). ఆర్ నాలుగు చక్రాలకూ పవర్ పంపే కారు కాబట్టి దానికి వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె) కూడా ఉంది. అందుకే మామూలు గోల్ఫ్‌లో 380 లీటర్లున్న డిక్కీ ఆర్‌లో 343కి తగ్గింది. ఆ ఎగ్జాస్ట్ ఆ అడుగుకు తగ్గట్టు వంపులు తిరిగింది. దాన్ని టార్షన్ బీమ్ ఉన్న కారు కింద పట్టించాలంటే పైపు కోసి, వంచి, మళ్లీ వెల్డింగ్ చేయాల్సిందే. అప్పుడది స్పోర్ట్ వెర్షన్ ఎగ్జాస్ట్ కాదు, ఆ ముక్కలతో కట్టిన కొత్త ఎగ్జాస్ట్.

ఇంకా స్పష్టంగా కనిపించేది 2000ల నాటి బీఎండబ్ల్యూ మినీలో. మామూలు కూపర్‌కి పైపు ఒక పక్క, స్పోర్ట్ వెర్షన్ కూపర్ ఎస్‌కి వెనక సరిగ్గా మధ్యలో రెండు పైపులు పక్కపక్కనే. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. కానీ ఎస్‌లో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే సూపర్‌చార్జర్, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వచ్చి బానెట్ కింద చోటు తినేయడంతో బ్యాటరీ డిక్కీలోకి వెళ్లింది. స్టెప్నీ పట్టే చోటు కూడా ఎస్‌కి లేదు, అందుకే అది పంక్చరైనా కొంత దూరం నడిచే రన్-ఫ్లాట్ టైర్లతో వచ్చింది. మామూలు కూపర్‌కి ఎస్ సైలెన్సర్ పెట్టాలంటే కింద ఉన్న స్టెప్నీని వదులుకోవాలి. వెనక బంపర్ కూడా మార్చాలి, ఎందుకంటే మధ్యలో గాడి ఎస్ బంపర్‌కే ఉంటుంది. రెండు పైపుల కోసం స్టెప్నీ పోయింది, బంపర్ పోయింది, బహుశా టైర్లు కూడా మారాయి. ఇంత తెలిసీ సరే అనేవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు పేచీ లేదు. తెలియకుండా మొదలుపెట్టకూడదని మాత్రమే అంటున్నాను.

అదే కారులో బానెట్ కూడా చెప్పుకోదగ్గదే. ఎస్ బానెట్ మీద గాలి లోపలికి తీసుకునే స్కూప్ ఉంటుంది. మొదటి తరంలో అది ఇంజిన్ మీద కూర్చున్న ఇంటర్‌కూలర్‌కి నిజంగానే గాలి పంపేది. 2006 చివర్లో వచ్చిన తర్వాతి తరంలో ఇంటర్‌కూలర్ ముందు వైపుకి వెళ్లిపోయింది. స్కూప్ ఆకారం అలాగే ఉంచి లోపల మూసేశారు. కంపెనీయే అలంకారానికి స్కూప్ పెట్టినప్పుడు మనం పెట్టుకుంటే తప్పేమీ లేదు. కాకపోతే మొదటి తరం బానెట్‌ని మామూలు కూపర్‌కి వేస్తే ఆ దారి లోపల నుంచి మూయాలి, లేకపోతే వాన నీళ్లు నేరుగా ఇంజిన్ మీద పడతాయి.

ఇక ఎగ్జాస్ట్ వల్ల ఒరిగేదేంటి? పవర్ పెరుగుతుందన్న ఆశతో అడిగేవాళ్లే ఎక్కువ. టర్బో (ఎగ్జాస్ట్ గ్యాస్‌తో టర్బైన్ తిప్పి ఇంజిన్‌లోకి గాలి ఒత్తి పంపేది) లేని చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి వెనక సైలెన్సర్ ఒక్కటీ మారిస్తే నడిపేవాళ్లకు తెలిసేంత తేడా రాదు. స్పోర్ట్ వెర్షన్ పైపు లావుగా ఉండేది ఆ ఇంజిన్ అంత ఎక్కువ గ్యాస్ బయటికి తోస్తుంది కాబట్టి. అదే పైపు చిన్న ఇంజిన్‌కి వేస్తే గ్యాస్ వేగం తగ్గుతుంది, తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర లాగుడు కాస్త మందగించినట్టు అనిపించవచ్చు. టర్బో ఇంజిన్ అయితే టర్బైన్ తర్వాత అడ్డు ఎంత తగ్గితే అంత మంచిదే, అయినా ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ మార్చకుండా పెద్దగా ఆశించొద్దు. డీజిల్ అయితే ఈ ఆలోచనే వదిలేయండి. టర్బో, పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే జల్లెడ) కలిసి శబ్దాన్ని చాలావరకు మింగేశాక వెనక ఏ సైలెన్సర్ ఉన్నా ఒకటే.

కాబట్టి ఎగ్జాస్ట్ అంటే సౌండే. ఆ సౌండ్‌లో పట్టించుకోవాల్సింది గట్టిగా తొక్కినప్పుడు వచ్చే గర్జన కాదు, హైవే మీద స్థిరంగా పోతున్నప్పుడు వచ్చే గుయ్‌మనే మోత. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. 2400 ఆర్‌పీఎమ్ దగ్గర అది సెకనుకు 80 సార్లు, అంటే 80 హెర్ట్జ్. ఇలాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ మోత మూసిన క్యాబిన్‌లో ఇరుక్కుని చెవుల మీద ఒత్తిడిలా కూర్చుంటుంది. కంపెనీ ఇంజినీర్లు స్పోర్ట్ వెర్షన్ సైలెన్సర్‌ని ఆ వెర్షన్ ఇంజిన్‌కి, దాని గేర్లకు, దాని క్యాబిన్‌కి సరిచూసి ఈ మోత రాకుండా మలుస్తారు. మన కారులో ఇంజిన్ వేరు, టాప్ గేర్‌లో తిరిగే ఆర్‌పీఎమ్ వేరు. ఆ లెక్క కుదరొచ్చు, కుదరకపోవచ్చు. ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఇది తెలియదు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గంటల తరబడి పోయినప్పుడు తెలుస్తుంది. ఎగ్జాస్ట్ విషయంలో నేను వెనకాడేది ముఖ్యంగా ఇందుకే.

అయినా మార్చాలనే అనుకుంటే, పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్‌ని, దాని తర్వాత పొగలో ఆక్సిజన్ కొలిచే లాంబ్డా సెన్సర్‌ని తాకకండి. పార్టిక్యులేట్ ఫిల్టర్ లేని కారులో ఆ సెన్సర్ దాటాక కోస్తే సాధారణంగా ఇంజిన్ లైట్ వెలగదు. ఇంజిన్ వైపు జరిగితే ఉద్గారాల సమస్య, లైట్ సమస్య రెండూ మొదలవుతాయి. స్పోర్ట్ వెర్షన్ సైలెన్సర్‌లో వాల్వ్ (తెరిచి మూస్తూ శబ్దాన్ని మార్చే మూత) ఉందేమో కూడా చూడండి. మన కారులో దాన్ని నడిపే వైరింగ్ గానీ, వ్యాక్యూమ్ గొట్టం గానీ లేకపోతే అది ఒకే స్థితిలో ఉండిపోతుంది. ఎప్పుడూ తెరిచే ఉంటే కారు పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వీధంతా నిద్ర లేస్తుంది. ఐరోపాలో 2018 నుంచి చాలా పెట్రోల్ కార్లకు కూడా పార్టిక్యులేట్ ఫిల్టర్ చేరింది. ఒకే మోడల్ అయినా దానికి ముందటి, తర్వాతి ఎగ్జాస్ట్‌లు ఒకటి కాదు.

బాడీ వైపు వస్తే, ఇక్కడ చూడాల్సింది వెడల్పు. బీఎండబ్ల్యూ ఈ46 (3 సిరీస్‌లో ఒక పాత తరం) దీనికి మంచి పాఠం. ఆ తరంలో అన్నిటికంటే పవర్ ఎక్కువున్న వెర్షన్ ఎమ్3 అంటే పడి చచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని ఫెండర్లు (చక్రాల పైన ఉండే ప్యానెళ్లు) మామూలు 3 సిరీస్ కంటే ఉబ్బుగా ఉంటాయి, బానెట్ అల్యూమినియం, దాని మధ్యలో ఎత్తు. ఎమ్3 ముందు బంపర్ అంచు ఆ వెడల్పాటి ఫెండర్‌ని కలుసుకునేలా తయారైంది. మామూలు ఫెండర్ దగ్గర పెడితే చక్రం పైన, బంపర్, ఫెండర్ కలిసే చోట బంపర్ బయటికి పొడుచుకొస్తుంది. ఆ ఒక్క అంచు సరిచేయాలంటే ఫెండర్లు మార్చాలి, ఫెండర్లు మారిస్తే వాటికి తగ్గ చక్రాలు కావాలి, ముందు వెడల్పయ్యాక వెనక ప్యానెల్ సన్నగా కనిపిస్తుంది. వెనక ప్యానెల్ బోల్ట్ విప్పి తీసేది కాదు, బాడీకి వెల్డ్ అయి ఉంటుంది. అక్కడితో ముచ్చట కాస్తా పెద్ద టెన్షన్‌గా మారుతుంది.

అదే కారుకు కంపెనీ స్పోర్ట్ ప్యాకేజీతో ఇచ్చిన బంపర్లు ఉన్నాయి. మామూలు ఫెండర్ల మధ్య కూర్చునేలానే వాటిని తయారుచేశారు. క్లిప్పులు, బ్రాకెట్లు వాటివి వాటికి పెడితే అంచులు గీత గీసినట్టు కలుస్తాయి. ఇప్పటి ఎమ్ స్పోర్ట్ (బీఎండబ్ల్యూ), ఆర్-లైన్ (ఫోక్స్‌వ్యాగన్), ఎన్ లైన్ (హ్యుందాయ్), ఎస్‌టీ-లైన్ (ఫోర్డ్) ట్రిమ్‌ల బలం కూడా ఇదే. స్పోర్ట్ వెర్షన్ రూపం చాలావరకు వస్తుంది, కారు కొలతలు మారవు, వెనక గాడులు కూడా మామూలు ఇంజిన్ల పైపులకు తగ్గట్టే ఉంటాయి. నా ఓటు వీటికెందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అయితే సెడాన్‌వి సెడాన్‌కే, కూపేవి కూపేకే. ఈ46లో ఆ రెంటి బయటి ప్యానెళ్లు వేరు. ఫేస్‌లిఫ్ట్ అయిన, అంటే మధ్యలో రూపం కాస్త మార్చిన మోడల్‌లో హెడ్‌ల్యాంప్ ఆకారం మారి ఉంటే పాత బంపర్ కొత్తదానికి పట్టదు. పేరు చూసి కాదు, పార్ట్ నంబర్ చూసి కొనండి.

బంపర్ అంటే మనకు కనిపించే ప్లాస్టిక్ తొడుగే కాదు. దాని వెనక దెబ్బ కాచే మెటల్ బీమ్ ఉంటుంది, మధ్యలో ఫోమ్ ఉంటుంది. ఆ రెండూ తీసేస్తేనే కొత్త తొడుగు పడుతుందని ఎవరైనా చెబితే ఆ పని అక్కడే ఆపండి. కొత్త కార్లలో రాడార్ కూడా తొడుగు వెనకే కూర్చుంటుంది. 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ రాడార్‌కి ఎదురుగా పుట్టీ గానీ, మందపాటి మెటాలిక్ పెయింట్ గానీ ఉంటే దాని చూపు తేడా వస్తుంది. వెనక మూలల్లో బ్లైండ్ స్పాట్ సెన్సర్లున్న కారుకీ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి కారుకు బంపర్ మార్చాక కాలిబ్రేషన్ (సెన్సర్ల చూపు మళ్లీ సరిచేయడం) చేయించడం ఐచ్ఛికం కాదు.

పాత భాగాలు కొనేటప్పుడు బంపర్‌ని ముందు నుంచి చూసి మురిసిపోకుండా తిరగేసి చూడండి. ఫెండర్ దగ్గర కొక్కెంలా పట్టే చిన్న చెవులు విరిగి ఉన్నాయా, లోపలివైపు ప్లాస్టిక్ మీద తెల్లటి ముడతలు ఉన్నాయా, వెల్డ్ చేసిన మచ్చలున్నాయా? తెల్లటి ముడత ఉందంటే అక్కడ బంపర్ ఒకసారి గట్టిగా వంగింది. సైలెన్సర్ అయితే చేత్తో ఊపండి, లోపల గలగలమంటే తడికలు (లోపలి అడ్డు రేకులు) ఊడాయి. అతుకుల దగ్గర మసి చారలుంటే అక్కడ లీక్ ఉంది.

బంపర్, పైపు మూతి మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది ఎక్కువమంది వదిలేసే వివరం. బంపర్ తొడుగు ఎక్కువగా పాలీప్రొపిలీన్, అది 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లోనే కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, దాంతో పాటు పైపూ ఊగుతుంది. అందుకే హ్యాంగర్లు రబ్బర్‌వి. కారు నిలబడి ఉన్నప్పుడు వేలు పట్టేంత ఖాళీ చూసి సరిపోతుందనుకుంటే, గుంతలో పడ్డప్పుడు పైపు గాడి అంచుకు తగులుతుంది. స్పోర్ట్ వెర్షన్‌లో అక్కడ చిన్న హీట్ షీల్డ్ ఉంటే దాన్నీ తెచ్చుకోండి.

నకలు కిట్ల గురించి ఎక్కువ చెప్పను. ఫైబర్‌గ్లాస్‌వి చిన్న తాకిడికే పగులుతాయి, అంచులు సానబెట్టకుండా కుదిరేవి అరుదు. ఉత్త పైపు మూతులు తగిలించుకోవడం వల్ల హాని లేదు. రెండూ, అంటే బాడీ, ఎగ్జాస్ట్ కలిపి చేయించడం అడుగు భాగం ఒకటే ఉన్న వెర్షన్ల మధ్య అయితే చక్కగా కుదురుతుంది. అప్పుడు ఒకే కారు నుంచి రెండూ తీసుకోండి, జంట విడదీయొద్దు. చక్రాలు, సస్పెన్షన్, బ్రేకులు కూడా కావాలనిపిస్తే కారు మార్చి స్పోర్ట్ వెర్షనే తీసుకోవడం తేలిక.

కొనే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు, వాహన రిజిస్ట్రేషన్ చూసేవాళ్లకు మార్పులు రాతపూర్వకంగా తెలపాలేమో కనుక్కోండి. శబ్దం విషయంలో చాలా దేశాలు ఐక్యరాజ్యసమితి 51వ నంబర్ నిబంధన పాటిస్తాయి, మార్పిడి సైలెన్సర్లకు 59వ నంబర్ నిబంధన ఉంది. ఒక ఇంజిన్‌తో ఆమోదం పొందిన సైలెన్సర్ ఇంకో ఇంజిన్‌కి అదే ఆమోదంతో చెల్లుతుందని అనుకోవద్దు. పని మాత్రం ఈ వరసలో చేయించండి: ముందు కింద చూడటం, తర్వాత వెనక బంపర్, సైలెన్సర్ జంట సంగతి తేల్చుకోవడం, ఆ తర్వాత ముందు బంపర్, చివర్లో స్కర్టులు. అన్నీ పెయింట్ వేయకముందే ఒకసారి కారుకు బిగించి, అంచులు కలిశాయని చూసుకున్నాకే విప్పి పెయింట్‌కి పంపండి.