అంబాసిడర్ ఫ్లోర్‌కు తుప్పు: అతుకు మేలా, రేకు మొత్తం మార్చడం మేలా?

నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వంటి ఊళ్లలో అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో ఇంకా ఉంచుకున్నవారికి ఇంజను కంటే ముందు తలనొప్పి తెచ్చేది కాళ్ల కింది రేకే. సముద్రపు గాలిలోని ఉప్పుకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన తోడవుతుంది. ముందద్దం చుట్టూ గట్టిపడిన రబ్బరు సందులోంచి దిగిన నీటిని మ్యాటు కింది జనపనార ఫెల్ట్ పీల్చుకుని వారాల తరబడి ఆరనివ్వదు. అందుకే ఈ తుప్పు చాలా బండ్లలో పైనుంచి కిందికి తింటుంది. కింద పూసిన తారు మాత్రం చెక్కుచెదరకుండా కనిపించి యజమానిని మోసం చేస్తుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే, పైకి బాగానే ఉన్న రేకు అప్పడంలా విరిగిపోవడం, దాని వెనుక తారు పొర ఒక్కటే మిగిలి ఉండటం కనబడుతుంది.

అతుకా, మొత్తం మార్చడమా అన్నది తేల్చుకునే ముందు బండి నిర్మాణం తెలుసుకోవాలి. పాత జీపుకు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం ఉంటుంది కాబట్టి వాటిలో ఫ్లోర్ చాలావరకు కప్పు మాత్రమే. జీపులో రేకు కోసి రివెట్లతో బిగించినా పని నడుస్తుంది. అంబాసిడర్‌కు, పద్మినికి విడి ఛాసిస్ లేదు. వాటిలో ఫ్లోర్, తలుపుల కింద పొడవునా ఉండే డొల్ల బాక్సులు, ఫ్లోర్‌కు అడ్డంగా ఉండే ఇనుప దూలాలు (అడ్డ మెంబర్లు) కలిసే బండి బరువును మోస్తాయి. కనుక ఈ రెండింటి విషయంలో ఫైబర్ గుడ్డ, రెజిన్, రివెట్ల మాటే ఎత్తకపోవడం మంచిది. అవి రంధ్రాన్ని మూస్తాయే తప్ప బలాన్ని తిరిగి తేలేవు. పైగా వాటి కింద చిక్కుకున్న తేమ మిగిలిన ఇనుమును కూడా తినేస్తుంది.

ఇక మిగిలేవి రెండు దారులు. చెడిన చోటు మాత్రమే కోసి అతుకు వేయడం ఒకటి, ఒక వైపు ఫ్లోర్ రేకును మొత్తంగా తీసి కొత్తది కూర్చడం మరొకటి. అతుకులోని పెద్ద సౌకర్యం ఏమిటంటే, బండి ఆకారం చెదరదు. చుట్టూ ఉన్న పాత ఇనుమే కొలతలను పట్టి ఉంచుతుంది కనుక, ఇంటి షెడ్డులో సెలవు రోజుల్లో కొంచెం కొంచెంగా చేసుకోవచ్చు. చిక్కు ఏమిటంటే, గట్టిదనుకున్న అంచు గట్టిది కాకపోవడం. గ్రైండర్‌తో రంగు, తుప్పు తీసి మెరిసే ఇనుము కనబడేదాకా వెళ్తే, అరచేతి మేర రంధ్రం జానెడు అవుతుంది. పలచబడిన అంచు మీద వెల్డింగ్ పెడితే కరిగి జారిపోయి ఇంకో రంధ్రం పడుతుంది. శుభ్రం చేశాక రెండు రంధ్రాల మధ్య బెత్తెడు మంచి ఇనుము కూడా మిగలకపోతే, అతుకుల ఆలోచన అక్కడే ఆపి రేకు మొత్తం మార్చడమే మేలని నా అభిప్రాయం. అతుకుల మీద అతుకులు వేసిన ఫ్లోర్‌లో మంచి రేకు కంటే వెల్డింగ్ కుట్లే ఎక్కువై, ప్రతి కుట్టూ వచ్చే వానాకాలానికి కొత్త తుప్పు మొదలయ్యే చోటవుతుంది.

రేకు మొత్తం మార్చడంలో కష్టం వెల్డింగ్ కంటే ముందే ఉంది. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి సరైన రేకు కోసం చెన్నై పుదుపేట వంటి పాత సామాన్ల మార్కెట్లను వెతకాలి, లేదా స్థానికంగా షీటు వంచే షెడ్డులో చేయించుకోవాలి. చేయించుకునేవారు 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల సి.ఆర్. (కోల్డ్ రోల్డ్) ఇనుప షీటు అడగాలి. చదునైన షీటునే పరిచేస్తే బండి నడిచేటప్పుడు అది మోత పెడుతుంది. పాత రేకుకు ఉన్న గాడులు అలంకారం కాదు, బిగువు కోసం. ఇంటి కప్పుకు వాడగా మిగిలిన జింకు రేకు ఉంది కదా అని దాన్ని వాడబోయేవారు కూడా ఉన్నారు. జింకు పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవారికి జ్వరం వస్తుంది కనుక, ఆ పొదుపు వద్దు.

కోతకు ముందు రెండు తలుపు స్తంభాల మధ్య అడ్డంగా ఇనుప కమ్మీ కట్టి, తలుపు సందుల కొలత రాసిపెట్టుకోవాలి. రెండు వైపులూ ఒకేసారి కోయకూడదు. ఒక వైపు పూర్తిగా వెల్డింగ్ అయ్యి, తలుపు మునుపటిలాగే మూసుకుంటున్నదని చూశాకే రెండో వైపు ముట్టాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కింద పడుకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు. బ్యాటరీ తీసేసి, ఫ్లోర్ పక్కగా వెళ్లే పెట్రోల్ పైపును, బ్రేకు పైపును, వైర్లను తొలగించి, బకెట్ నీళ్లు, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుకోవాలి.

అంచు కలిపే పద్ధతిలో కూడా ఎంపిక ఉంది. ఒకదానిపై ఒకటి పరిచి కలిపితే పని సులువు, రంధ్రాలు పడే భయం తక్కువ. ఫ్యాక్టరీలో కూడా ఈ రేకులను చాలాచోట్ల అలాగే స్పాట్ వెల్డింగ్ చేశారు. అయితే మన తీరంలో ఆ రెండు పొరల మధ్య సందులోకి ఉప్పు నీరు పీల్చుకుపోతే, అది ఆరేలోపే మళ్లీ తడుస్తుంది. అందువల్ల చిన్న అతుకును అంచుకు అంచు కలిపి వేయడం, పెద్ద రేకును మాత్రం 15 మిల్లీమీటర్ల మేర పైన పరిచి, పొరల మధ్య జింకు ప్రైమరు, తర్వాత రెండు వైపులా సందులు మూసే సీమ్ సీలర్ పూయడం మంచిది.

వెల్డింగ్ విషయంలో చర్చకు పెద్దగా తావు లేదు. రాడ్ వెల్డింగ్ ఈ పలచని షీటును కాల్చేస్తుంది. గ్యాస్ వెల్డింగ్ చేతనైనవారి చేతిలో బాగుంటుంది గానీ, వేడి విస్తరించి రేకును మెలితిప్పుతుంది. 0.8 మిల్లీమీటర్ల వైరుతో, కుట్టుకు గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదులుతూ చేసే సి.ఓ.టూ వెల్డింగ్, అది కూడా ఒకే గీతలా కాక దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటూ పోవడం ఈ పనికి తగినది. మధ్యాహ్నం దాటాక వీచే సముద్రపు గాలి ఆ రక్షణ గ్యాస్‌ను ఎగరగొడితే కుట్టు నిండా బొక్కలు పడతాయి. ఆరుబయట పని చేసేవారు ఉదయం పూటే ముగించుకోవాలి, లేదా టార్పాలిన్ కట్టుకోవాలి.

కోయడం, శుభ్రం చేయడం, రేకు సరిచూడటం ఇంట్లో చేసుకుని, వెల్డింగ్‌కు మాత్రం టింకరింగ్ షెడ్డు మనిషిని పిలిపించుకోవడం మొదటిసారి చేసేవారికి నేను సూచించే మధ్యేమార్గం. తలుపు కింది బాక్సులోకి, సీటు బోల్టులు దిగే అడ్డ మెంబర్‌లోకి తుప్పు చేరి ఉంటే అది ఇంటి పని కాదు, బండిని షెడ్డుకే పంపాలి. 15 ఏళ్లు దాటిన బండికి 5 ఏళ్లకోసారి ఆర్.సి. పునరుద్ధరణ చేయించాల్సిన వారు అప్పటిదాకా ఆగకుండా, ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ఈ పని పెట్టుకోవడం ఉత్తమం. తేమ రోజుల్లో గ్రైండ్ చేసి వదిలేసిన ఇనుము తెల్లవారేసరికి ఎర్రబడుతుంది కాబట్టి, ఏ రోజు బయటపడ్డ ఇనుముకు ఆ రోజే ప్రైమరు పూయాలి. ముందద్దం రబ్బరు మార్చి, పైపుతో నీళ్లు కొట్టి లోపలికి చుక్క రావడం లేదని చూసిన తర్వాతే మ్యాటు పరచాలి. దాని కింద జనపనార ఫెల్ట్ బదులు నీరు పీల్చని ఫోమ్ వేయాలి.